గ్లోబు, పటం: చెన్నైలోని తెలుగు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

వారాంతాల్లో పిల్లలకు భూగోళం చెబుతుంటాను. వచ్చేది ఎక్కువగా కొడంబాక్కం, టీ నగర్, వేళచ్చేరి వైపు తెలుగు కుటుంబాల పిల్లలు. వాళ్లతోపాటు వచ్చే అమ్మానాన్నలూ తాతయ్యలూ అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే అన్నిటినీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగానే చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఫోన్లో మ్యాప్ ఉంది కదా, మళ్లీ గ్లోబు ఎందుకండీ?

ఫోన్లో పటం దారి చూపిస్తుంది. భూమి ఎలా ఉంటుందో మాత్రం గ్లోబే చూపిస్తుంది. ఆకారం, దిక్కు, దూరం, వైశాల్యం, ఈ నాలుగూ ఒకేసారి సరిగ్గా ఉండేది గ్లోబు మీదే. చదును కాగితం మీదికి రాగానే వీటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. పైగా పిల్లలు వేలు పెట్టి తిప్పాలి, దారం పెట్టి కొలవాలి, టార్చి వేసి పగలూ రాత్రీ చూడాలి. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే గోడ పటం తర్వాత కొనండి, ముందు గ్లోబు కొనండి.

ఎంత సైజుది తీసుకోవాలి?

కుదిరితే 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది. అరచేతిలో పట్టే బుల్లి గ్లోబులు బల్ల మీద అందంగా ఉంటాయి గానీ వాటి మీద అక్షరాలు చదవలేం, దారం పెట్టి కొలవలేం. భూమి వ్యాసం భూమధ్యరేఖ దగ్గర 12,756 కిలోమీటర్లు. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. చెన్నై నుంచి హైదరాబాద్ తిన్నగా 510 కిలోమీటర్ల పైచిలుకు, అంటే గ్లోబు మీద సెంటీమీటరున్నర కూడా ఉండదు. చెన్నై, బెంగళూరు మధ్య ఏడు మిల్లీమీటర్లే. అంతకన్నా చిన్న గ్లోబు మీద మన ఊళ్లన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి.

పిల్లలకు తప్పక చూపించవలసింది ఇంకొకటి ఉంది. అదే లెక్కలో చంద్రుణ్ణి పెట్టాలంటే గ్లోబుకు తొమ్మిది మీటర్ల దూరంలో పెట్టాలి. హాల్లో గ్లోబు ఉంచి, చంద్రుడికి బదులు ఒక బంతి ఇచ్చి పిల్లవాణ్ణి వీధి గుమ్మం అవతల నిలబెట్టండి. పుస్తకంలో పక్కపక్కన గీసిన బొమ్మ చూసి ఏర్పడిన అపోహ అక్కడికక్కడే పోతుంది.

కొండలు చేతికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉన్న గ్లోబు మంచిదేనా?

తాకడానికి బాగుంటుంది, కానీ ఎత్తులు బాగా పెంచి చేస్తారు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద అది 0.2 మిల్లీమీటర్లు, వేలికి తెలిసీ తెలియనంత. ధ్రువాల దగ్గర భూమి నొక్కుకుని ఉంటుందని చదువుతాం కదా, ఆ తేడా కూడా ఇదే గ్లోబు మీద ఒక మిల్లీమీటరే. అందుకే దుకాణంలో గ్లోబు నున్నగా, గుండ్రంగా ఉందంటే అది తప్పు గ్లోబని అనుకోనక్కర్లేదు.

పాత సరుకు అంటగడుతున్నారేమో ఎలా తెలుస్తుంది?

పారిస్ కార్నర్ వైపు స్టేషనరీ దుకాణాలకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా మూడు చోట్లు చూడండి. ఆఫ్రికాలో దక్షిణ సూడాన్ విడిగా ఉందా? అది 2011లో ఏర్పడింది. రాష్ట్రాలు చూపించే పటమైతే తెలంగాణ ఉందా? 2014 జూన్ 2 తర్వాతి ముద్రణలో ఉండాలి. లద్దాఖ్ విడిగా కేంద్రపాలిత ప్రాంతంగా ఉందా? అది 2019 అక్టోబరు 31 నుంచి. వీటన్నిటికంటే ముందు మన ఉత్తర సరిహద్దు చూడండి. విదేశాల్లో తయారైన గ్లోబుల మీద కశ్మీరు, అక్సాయ్ చిన్, అరుణాచల్ దగ్గర గీతలు వేరేగా ఉంటాయి. మన దేశపు బయటి సరిహద్దుకు ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా పటమే ప్రమాణం. దానితో సరిపోలని భారత పటాన్ని ప్రచురించడం 1961 నాటి చట్టం ప్రకారం నేరం.

## గ్లోబు ముందు కూర్చున్నాక

గ్లోబు ఒక పక్కకు వాలి ఉంటుందేం? స్టాండు వంకరా?

స్టాండు సరిగ్గానే ఉంది. భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉంటుంది, అందుకే అలా చేస్తారు. ఈ వాలు వల్లే ఋతువులు. ఈ వాలుతోనే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి జూన్‌లో ఉత్తరార్ధగోళం, డిసెంబరులో దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు ఒరిగి ఉంటాయి.

చెన్నైలో ఉన్నవాళ్లకు దీన్ని మేడ మీదే చూసే వీలుంది. మన ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే 23.5 డిగ్రీల దగ్గరున్న కర్కటరేఖకు దక్షిణాన. సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఉత్తరాన ఆ రేఖ వరకే. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 24 దగ్గరా ఆగస్టు 18 దగ్గరా, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పెట్టిన సీసా నీడ దాని అడుగులోకే దూరిపోతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది, ఏడాదిలో మిగతా రోజులన్నీ ఉత్తరం వైపే. ఢిల్లీలో ఉన్న మీ బంధువుల పిల్లలకు నీడలేని మధ్యాహ్నం ఎప్పటికీ రాదు, ఎందుకంటే ఢిల్లీ కర్కటరేఖకు ఉత్తరాన ఉంది. ఫోన్ చేసి ఇద్దరూ ఒకేరోజు సీసా నీడ కొలిస్తే ఇంతకన్నా మంచి పాఠం లేదు.

అక్షాంశం ఏది, రేఖాంశం ఏది? మావాడు ప్రతిసారీ తారుమారు చేస్తాడు.

నిర్వచనం బట్టీ పట్టించకండి, వేలితో గీయించండి. భూమధ్యరేఖకు సమాంతరంగా గ్లోబు చుట్టూ అడ్డంగా తిరిగేవి అక్షాంశాలు. పైకి వెళ్లేకొద్దీ ఈ వృత్తాలు చిన్నవవుతూ ధ్రువం దగ్గర చుక్కగా మిగులుతాయి. ఆ ధ్రువం నుంచి ఈ ధ్రువానికి నిలువుగా దిగేవి రేఖాంశాలు. ఇవన్నీ ఒకే పొడవు, రెండు ధ్రువాల దగ్గరా కలుస్తాయి. చెన్నై మీద వేలు పెట్టి అడ్డంగా పడమరకు జరిపితే బెంగళూరు, ఆపైన మంగళూరు వస్తాయి. మూడూ 13 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూగా ఉన్నాయి. అదే వేలిని నిలువుగా పైకి జరిపితే నెల్లూరు పక్కగా విజయవాడ. ఈ రెండు గీతలూ చేతికి అలవాటైతే తారుమారు కావు.

ఒక డిగ్రీ అంటే ఎన్ని కిలోమీటర్లు?

ఉత్తర దక్షిణాలుగా అయితే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా అయితే మీరు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖ మీద 111, చెన్నై దగ్గర 108, ఢిల్లీ దగ్గరికి వచ్చేసరికి 98 కిలోమీటర్లు. 60 డిగ్రీల దగ్గర సగానికి పడిపోతుంది, ధ్రువం దగ్గర సున్నా.

బడి పుస్తకంలో పిల్లల్ని తికమక పెట్టే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. భారతదేశం అక్షాంశాల్లో 8°4' నుంచి 37°6' వరకు, రేఖాంశాల్లో 68°7' నుంచి 97°25' వరకు వ్యాపించింది. రెండూ దాదాపు 29 డిగ్రీలే. అయినా ఉత్తర దక్షిణాల పొడవు 3,214 కిలోమీటర్లు, తూర్పు పడమరల వెడల్పు 2,933 కిలోమీటర్లే. రేఖాంశాలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి ఆ తేడా.

అరుణాచల్‌లో ముందే తెల్లారుతుంది కదా, మరి దేశమంతా ఒకే టైమెందుకు?

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశం 29 డిగ్రీల వెడల్పు, కాబట్టి తూర్పు కొసకూ పడమటి కొసకూ సూర్యోదయంలో సుమారు రెండు గంటల తేడా ఉంటుంది. ఊరికో టైము ఉంటే రైళ్లు నడపలేం. అందుకే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. అది కాకినాడకు కాస్త తూర్పుగా వెళుతుంది.

చెన్నైకి ఇందులో సొంత కథ ఉంది. నుంగంబాక్కంలో 1792లో మద్రాసు వేధశాల కట్టారు. అక్కడి నుంచి లెక్కించిన మద్రాసు టైమునే మన రైళ్లు చాలాకాలం వాడాయి. పిల్లలతో ఈ లెక్క చేయించండి: చెన్నై రేఖాంశం 80.27 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గుణిస్తే 321 నిమిషాలు, అంటే 5 గంటల 21 నిమిషాలు. రేఖాంశాల లెక్క సున్నాతో మొదలయ్యే గ్రీనిచ్ కంటే మద్రాసు టైము ముందున్నది సరిగ్గా అంతే. 1906 జనవరి 1 నుంచి వచ్చిన భారత ప్రామాణిక సమయం 5 గంటల 30 నిమిషాలు. ఆ 9 నిమిషాల తేడా రేఖాంశం నుంచి వచ్చిందని పిల్లవాడు తనంతట తాను కనుక్కుంటే రేఖాంశం జన్మలో మర్చిపోడు.

అంతర్జాతీయ దినరేఖ ఎందుకు వంకరటింకరగా ఉంది?

ఆ గీత దాటితే తేదీ మారుతుంది. ఒకే దేశంలో సగం మందికి సోమవారం, సగం మందికి మంగళవారం కాకూడదని అలా గీశారు. 180 డిగ్రీల రేఖాంశం వెంటే వెళుతూ, దీవులూ నేలా అడ్డొచ్చిన చోట పక్కకు తప్పుకుంటుంది.

## గోడ మీది పటం చదవడం మొదలెట్టాక

పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉంది. గ్లోబు మీద ఇంతే ఉందేం?

గ్లోబు చెప్పేదే నిజం. గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా 3 కోట్ల పైమాటే, అంటే 14 రెట్లు. ఇంకా చెప్పాలంటే, 32.87 లక్షల చదరపు కిలోమీటర్లున్న మన దేశమే గ్రీన్‌లాండ్ కంటే ఒకటిన్నర రెట్లు పెద్దది. గోడ పటం చూసి పెరిగిన పెద్దవాళ్లు కూడా ఈ మాట నమ్మరు.

కారణం తెలియాలంటే గ్లోబుకు ఒక తెల్ల కాగితం చుట్టండి. నడుము దగ్గర చక్కగా అతుక్కుంటుంది, పైకీ కిందకూ వెళ్లేసరికి కాగితం మిగిలిపోయి ముడతలు పడుతుంది. ధ్రువం వైపు నేల ఆ మిగిలిన కాగితాన్నంతా నింపాలంటే దాన్ని సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటర్ గీసిన పటంలో ఈ సాగదీత ఎక్కువ. ఆయన గీసింది నావికుల కోసం. ఓడ దిక్సూచిని ఒకే కోణంలో పట్టుకుని వెళితే ఆ దారి ఆ పటం మీద సరళరేఖగా వస్తుంది. ఆ పనికి అది గొప్ప పటం. దేశాల వైశాల్యాలు పోల్చడానికి మాత్రం అది పనికిరాదు. ఇన్నేళ్లూ తరగతి గోడలకు దాన్నే తగిలించడం పిల్లలకు చేసిన అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అయితే తప్పులేని పటం ఏది?

చదును పటాల్లో అలాంటిది లేదు, ఉండదు. వైశాల్యం సరిగ్గా చూపిస్తే ఆకారం సాగుతుంది, ఆకారం నిలిపితే వైశాల్యం పోతుంది. 1973లో పీటర్స్ ప్రచారంలోకి తెచ్చిన పటంలో వైశాల్యాలు సరైనవే, కానీ ఆఫ్రికా నిలువుగా సాగి ఉంటుంది. 1921 నాటి వింకెల్ ట్రిపెల్ అనే పటం అన్ని తప్పుల్నీ కాస్త కాస్త పంచుకుంటుంది. నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ 1998 నుంచి ప్రపంచ పటాలకు దాన్నే తీసుకుంది. ఇంట్లో గోడకు తగిలించడానికి నేనూ అదే చెబుతాను. ఏ పటం కొన్నా కింద మూలన దాని ప్రక్షేపం, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించిన పద్ధతి, పేరు ఉందో లేదో చూడండి. ఆ పేరు వేయని పటాన్ని దేశాల సైజులు పోల్చడానికి వాడకండి.

అమెరికా వెళ్లే విమానం తిన్నగా పోకుండా ఉత్తరం వైపు ఎందుకు వంగుతుంది?

అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఇది. గ్లోబు తీసుకుని ఒక దారం కొసను చెన్నై మీద, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం చైనా మీదుగా తూర్పు సైబీరియాకు ఎక్కి, ఆర్కిటిక్ వృత్తాన్ని దాటి, అలాస్కా మీదుగా కిందకు దిగుతుంది. అదే అతి దగ్గరి దారి. ఇప్పుడు అదే రెండు ఊళ్లను గోడ పటం మీద స్కేలుతో కలపండి. గీత అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ పడమరకు పోతుంది! గాలులు, అనుమతులు, మధ్యలో ఆగే ఊళ్లను బట్టి విమానం అసలు దారి మారుతుంది. అయినా తెర మీద కనిపించే ఆ వంపు చదును పటం తెచ్చిపెట్టినదే.

పెద్ద స్కేలు పటం అంటే ఎక్కువ ప్రాంతం చూపించేదా?

కాదు, తక్కువ ప్రాంతాన్ని వివరంగా చూపించేది. స్కేలు ఒక భిన్నం. 1:50,000 అంటే యాభైవేలలో ఒక వంతు, 1:40,00,000 అంటే నలభై లక్షల్లో ఒక వంతు. మొదటిదే పెద్ద భిన్నం, కాబట్టి అదే పెద్ద స్కేలు. మొదటి దాంట్లో సెంటీమీటరుకు అర కిలోమీటరు, రెండో దాంట్లో 40 కిలోమీటర్లు. 15 కిలోమీటర్ల మౌంట్ రోడ్డు మొదటి పటం మీద 30 సెంటీమీటర్ల బారున ఉంటుంది, రెండో దాని మీద 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు.

జిరాక్సు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పటాన్ని పెద్దది చేసి తీస్తే 1:50,000 అన్న అంకె అలాగే ఉండిపోతుంది గానీ అది అబద్ధమైపోతుంది. కింద గీసిన స్కేలు పట్టీ మాత్రం పటంతోపాటే సాగుతుంది కాబట్టి నిజమే చెబుతుంది. కొలిచేటప్పుడు ఆ పట్టీనే నమ్మండి.

ఉత్తరం ఎప్పుడూ పైనేనా?

అలవాటు మాత్రమే. 1154లో అల్ ఇద్రీసీ గీసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది. మధ్యయుగపు ఐరోపా పటాలు చాలావాటిలో పైన తూర్పు. కాబట్టి పటం విప్పగానే దిక్కు బాణం చూడాలి. మెరీనాలో సముద్రానికి ఎదురుగా నిలబడితే తూర్పు, ఎడమచేతి వైపు ఉత్తరం. మౌంట్ రోడ్డు మీద గిండీ వైపు వెళుతుంటే దక్షిణం అనుకుంటాం గానీ మనం పోయేది నైరుతికి.

పటంలో ఆకుపచ్చ రంగుంటే అడవి అనుకోవచ్చా?

భౌతిక పటంలో ఆకుపచ్చ అంటే పల్లపు నేల. రాజస్థాన్‌లో కూడా కనిపిస్తుంది, అక్కడ చెట్లున్నాయని కాదు. నేల ఎత్తుపల్లాలను వివరంగా చూపే సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాల్లో మాత్రం ఆకుపచ్చ అడవికే, పసుపు సాగు భూమికి, గోధుమరంగు ఎత్తు గీతలకు. రంగుకు సొంత అర్థం ఉండదు, ఆ పటం సూచికలో రాసిన అర్థమే ఉంటుంది.

కాంటూరు రేఖలు చెన్నై పటంలో కనబడవేం?

ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలే కాంటూరు రేఖలు. 1:50,000 పటాల్లో సాధారణంగా 20 మీటర్లకు ఒక గీత వేస్తారు. చెన్నైలో చాలా భాగం సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు, కాబట్టి గీత పడేంత తేడా ఉండదు. సుమారు 90 మీటర్ల సెయింట్ థామస్ మౌంట్ దగ్గరికి రాగానే నాలుగు గీతలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని కనిపిస్తాయి. గీతలు దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ, దూరంగా ఉంటే మెల్లగా ఎక్కే నేల.

గీతలు లేవంటే నేలంతా ఒకే మట్టమని కాదు. వాన నీరు ఏ వీధిలో నిలుస్తుందో తేల్చేది అర మీటరు, మీటరు తేడాలే. వాటిని ఈ పటం పట్టుకోలేదు. ఇల్లు కొనేటప్పుడు దీన్ని చూసి ముంపు లేదని నిర్ణయించుకోకండి.

## ఫోన్లో పటం

ఎవరో 13.0827, 80.2707 అని పంపారు. ఇదేం అంకె?

ముందుది అక్షాంశం, తర్వాతది రేఖాంశం. ఇది చెన్నై సెంట్రల్ దగ్గరి చోటు. చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే సుమారు 11 మీటర్ల ఖచ్చితత్వం. వరుస తప్పకూడదు. రెంటినీ అటూ ఇటూ చేసి కొడితే పటం మిమ్మల్ని ఆర్కిటిక్ సముద్రంలో స్వాల్‌బార్డ్ దీవుల పక్కకు తీసుకుపోతుంది.

విజయవాడ ఎంత దూరమంటే ఒక్కోచోట ఒక్కో అంకె చూపిస్తుంది. ఏది నిజం?

అన్నీ నిజమే, కొలిచిన దారులు వేరు. తిన్నగా సుమారు 380 కిలోమీటర్లు, రైలు దారిలో 430 వరకు, రోడ్డు మీద మీరు ఎంచుకున్న దారిని బట్టి ఇంకొంచెం.

## బడి దాటి ఇంకొంచెం

పరీక్షలో మ్యాప్ పాయింటింగ్‌కి ఏం చేయించాలి?

ఊళ్ల పేర్లతో మొదలెట్టకండి. ఖాళీ పటం మీద ముందు కర్కటరేఖ గీయించండి: గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మిజోరం. తర్వాత తూర్పు తీరం వెంట పైనుంచి కిందకు నదులు: మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, పాలారు, కావేరి. నదులు పడ్డాక రాజమండ్రి గోదావరి మీద, విజయవాడ కృష్ణ మీద, నెల్లూరు పెన్న మీద వాటంతటవే కూర్చుంటాయి. రోజూ ఖాళీ పటం నింపడం కంటే, చూడకుండా తెల్ల కాగితం మీద గీసి, ఆపైన అట్లాసుతో పోల్చుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

తాతయ్య దగ్గరున్న పాత పటంలో ఆంధ్ర రాష్ట్రమే లేదు. పారేయాలా?

దయచేసి పారేయకండి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది, అంతకుముందు పటాల్లో మన కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉంటాయి. చెన్నైలో తెలుగువాళ్లు ఇంతమంది ఎందుకున్నారని అడిగే పిల్లలకు ఆ పటం చాలు. ఇంకా పాత నగర పటం దొరికితే నుంగంబాక్కం, మాంబళం వైపు పొడవైన చెరువు కోసం వెతకండి. 1920లలో ఆ చెరువు నేల మీదే టీ నగర్ వెలిసింది. వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉంది, సరస్సే లేదు.

చెన్నైలో పటాల చరిత్ర చూపించే చోటు ఏదైనా ఉందా?

సెయింట్ థామస్ మౌంట్ ఎక్కండి. దేశాన్ని కొలిచి పటం గీసే పనిలో భాగంగా, 1802 ఏప్రిల్ 10న సర్వే అధికారి విలియం లాంబ్టన్ ఈ కొండ దగ్గరే ఆధారరేఖ, అంటే మిగతా లెక్కలన్నిటికీ మూలమైన మొదటి గీత, కొలవడం మొదలెట్టాడు. సుమారు ఏడున్నర మైళ్ల తిన్నని గీతను వంద అడుగుల ఉక్కు గొలుసుతో, ఎండకు గొలుసు ఎంత సాగుతుందో కూడా లెక్కవేసుకుంటూ కొలిచారు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్కతో వచ్చేస్తాయి. ఆ కోణాల కోసం అర టన్ను బరువున్న థియోడలైటు అనే కోణాలు కొలిచే పరికరాన్ని గుట్టలమీదికి, గుడి గోపురాల మీదికి మోయించారు. ఇక్కడి నుంచి బెంగళూరు మీదుగా మంగళూరు దాకా త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్లేసరికి, ద్వీపకల్పం వెడల్పు అంతకుముందు పటాల్లో గీసినదానికంటే 40 మైళ్లు తక్కువని తేలింది. ఆ పని తరాలపాటు ఉత్తరానికి సాగింది. రాధానాథ్ సిక్దర్ వంటి గణకులు లెక్కలు కట్టారు, 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు.

కొండ మీద లాంబ్టన్ విగ్రహం ఉంది. వెళ్లేటప్పుడు ఒక కోణమానిని, దారం, కాగితం పట్టుకెళ్లండి. పైనుంచి విమానాశ్రయం రన్‌వే, సముద్రం రెండూ కనిపిస్తాయి. వాటి మధ్య కోణం కొలిపించండి.